పొలాల మధ్య పాత రన్‌వేలు

ఒక్కసారి ఇలా ఊహించుకోండి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పొలం మీది. చేను మోకాలెత్తు పెరిగింది. ఓ పొద్దున సర్కారు మనిషి వచ్చి మీ చేతిలో కాగితం పెట్టాడు. "యుద్ధం వచ్చింది కదమ్మా, ఈ పొలం కావాలి" అన్నాడు. కొద్ది రోజుల్లోనే యంత్రాలు దిగాయి. గట్లు పోయాయి, చెట్లు పోయాయి, పశువులు నీళ్ళు తాగే కుంట పూడిపోయింది. చేను ఉన్నచోట సిమెంటు పరుచుకుంది. దాని మీంచి రెండు మూడేళ్ళపాటు విమానాలు ఎగిరాయి. ఆ తర్వాత ఒకనాడు అందరూ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. పొలం మళ్ళీ మీ చేతికొచ్చింది. కాని ఇప్పుడు అందులో మైలు పైన పొడవున్న సిమెంటు రోడ్డు ఉంది. ఏం చేస్తారు?

ఇది కథ కాదండీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండు తూర్పు జిల్లాల్లో ఎన్నో రైతు కుటుంబాలకి నిజంగా ఎదురైన సంగతి. నార్‌ఫోక్, సఫోక్ అనే ఆ జిల్లాల్లో ఈ పాత విమాన స్థావరాలు ఇప్పటికీ పొలాల మధ్య కనిపిస్తాయి. మా తమ్ముడి కుటుంబం నార్విచ్‌లో ఉంటోంది. పోయినేడు జూన్‌లో అక్కడ నెల రోజులున్నాను. లండన్‌లో రాజుగారి భవనం, మైనపు బొమ్మలు అన్నీ చూశాననుకోండి. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మీతో చెప్పుకోవాలనుకున్నది మాత్రం ఈ పొలాల సంగతి.

ఇళ్ళు కూలిన ఇటుకలతో రన్‌వేలు

జర్మనీ మీద బాంబులు వెయ్యాలంటే ఇంగ్లండులో దానికి దగ్గరగా ఉన్నది తూర్పు తీరమే. పైగా అక్కడ భూమి చదును. అందుకే విమాన స్థావరాలకి ఆ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1942లో పని ముమ్మరంగా సాగినప్పుడు, దేశం మొత్తం మీద సగటున మూడు రోజులకొక కొత్త స్థావరం పని మొదలయ్యేదట! యుద్ధం ముగిసేలోగా కొత్తగా కట్టినవే నాలుగు వందలకు పైన. నార్‌ఫోక్, సఫోక్‌లలో అయితే కొన్ని చోట్ల ఐదారు మైళ్ళకొకటి. ఒక ఊళ్ళో విమానం లేస్తే పక్క ఊళ్ళో గిన్నెలు గలగలలాడేవన్నమాట.

ఈ కట్టడాలకు ఒక పద్ధతి ఉంది. పెద్ద రన్‌వే 2,000 గజాలు, చిన్నవి రెండు 1,400 గజాల చొప్పున. వెడల్పు 50 గజాలు. గాలి ఎటు వీచినా విమానం లేవడానికి వీలుగా మూడింటినీ ఒకదాన్నొకటి ఖండించేలా వేసేవారు. చుట్టూ సుమారు మూడు మైళ్ళ సిమెంటు దారి. ఆ దారి వెంబడి విమానాలు నిలిపే చోట్లు. వాటిని అన్నిటినీ ఒకే చోట నిలిపితే ఒక్క బాంబుకి అన్నీ పోతాయని దూరం దూరంగా పెట్టారు. సైనికులు పడుకునే గుడిసెలు కూడా అంతే, ఊరి చుట్టుపక్కల తోపుల్లో విడివిడిగా.

అంత సిమెంటు కింద గట్టి పడటానికి కంకర, ఇటుక ముక్కలు కావాలి కదా. అవి ఎక్కడివో తెలుసా? 1940లో, 1941లో జర్మన్ బాంబులకు లండన్‌లో వేల ఇళ్ళు కూలిపోయాయి. ఆ శిథిలాలను రైళ్ళకెత్తి ఈ పల్లెలకు తెచ్చి పోశారు. ఎవరి వంటిల్లో, ఎవరి పడకగదో, ఎవరింటి పొయ్యి గోడో! ఆ ఇటుకల మీంచే బాంబు విమానాలు జర్మనీ వైపు ఎగిరాయి. అక్కడా మళ్ళీ ఇళ్ళు కూలాయి. ఈ ముక్క విన్నాక ఆ సిమెంటు మీద అడుగు పెడుతుంటే ఒళ్ళు ఝల్లుమంది నాకు.

పెనం, కళ్ళజోడు, గూడుబండి

మా తమ్ముడికి తెలిసినాయన ఒకరికి సఫోక్‌లో ఒక రైతు కుటుంబంతో స్నేహం. వాళ్ళ పొలంలో పాత స్థావరం ఆనవాళ్ళు ఉన్నాయని ఆయన చెప్పారు. ముందుగా ఫోన్ చేసి, వాళ్ళు రమ్మన్నాకే బయల్దేరాం. ఊరి పేరు నేను రాయడం లేదు, వాళ్ళ ఇల్లు వాళ్ళది కదా మరి!

రైతుగారి భార్యకి డెబ్బై దాటాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, తలకి గుడ్డ కట్టుకుని ఉంది. మా మరదలు నన్ను చూపించి "మా వదినగారండీ, ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళదీ వ్యవసాయ కుటుంబమే" అని చెప్పేసరికి ఆవిడ ముఖం విప్పారింది. "అయితే మీకు చెప్పక్కర్లేదు. బురదలో నడవడం మీకూ అలవాటే" అంది. అంతే, ఇద్దరం కలిసిపోయాం.

మొదట చూసినది విమానాలు నిలిపే చోట్లు. కొన్ని గుండ్రంగా, ఓ పక్క కాడతో ఉన్నాయి. వాటిని వాళ్ళు "ఫ్రయింగ్ పాన్" అంటారట. చూస్తే అచ్చం మన దోసెల పెనమే! కాకపోతే నాలుగు ఇంజన్ల విమానం పట్టేంత పెనం. తర్వాత రోజుల్లో వంపు తిరిగిన దారిలా కట్టినవి కళ్ళజోడు ఆకారంలో ఉంటాయి. ఒక పెనం మీద ఆ రోజు గడ్డిమోపులు పేర్చి ఉన్నాయి. ఇంకోదాని మీద చలికాలంలో చక్కెర దుంపలు పోస్తారట. మన చెరకు బదులు అక్కడ ఆ దుంపల నుంచే చక్కెర తీస్తారు. బురద అంటకుండా లారీలకెత్తడానికి ఈ సిమెంటు ఎంతో ఉపయోగమని చెప్పింది ఆవిడ.

ఆ పక్కన చెట్ల గుబుర్లలో రేకు గుడిసెలు. గూడుబండి మీది గూడు గుర్తుందా? అదే ఆకారం, ముడతల రేకుతో. 1916లో, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, నిస్సెన్ అనే ఇంజనీరు తయారు చేసిన నమూనా కాబట్టి నిస్సెన్ గుడిసెలని పేరు. కొద్దిమంది మనుషులు కొన్ని గంటల్లో నిలబెట్టెయ్యొచ్చు. ఆవిడ అందులో కోళ్ళు పెంచుతోంది. "ఎండాకాలం ఉడికిపోతారు, చలికాలం గడ్డకట్టుకుపోతారు అనేవారట సైనికులు. కోళ్ళయితే ఏమీ అనవు" అని నవ్వింది.

చివరికి కంట్రోల్ టవర్. రెండంతస్తుల ఇటుక కట్టడం. కిటికీలకి అద్దాల్లేవు. మేడ మీది వసారా కటకటాలు తుప్పు పట్టిపోయాయి. లోపల పావురాలు కాపురం పెట్టాయి. పై అంతస్తులో నిలబడి విమానాలు తిరిగొస్తున్నాయో లేదో లెక్క పెట్టుకునేవారట. మమ్మల్ని మాత్రం ఆవిడ లోపలికి ఎక్కనివ్వలేదు. "మెట్లు నమ్మదగ్గవి కావు" అంది.

రెండుసార్లు ఏడ్చిన అత్తగారు

ఆవిడ చెప్పిన ఒక మాట నా మనసులో ఉండిపోయింది. 1942లో ఈ పొలం పోయినప్పుడు ఆవిడ అత్తగారు కొత్త కోడలు. చేను మీదికి యంత్రాలు వచ్చిన రోజున వంటింట్లో కూచుని ఏడ్చిందట. యుద్ధం అయిపోయి అమెరికా కుర్రాళ్ళు వెళ్ళిపోయినప్పుడు కూడా అదే వంటింట్లో కూచుని ఏడ్చిందట. "మొదటిసారి పొలం కోసం. రెండోసారి ఎవరికోసమో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంటికొచ్చి టీ తాగిన పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు మరి" అంది.

అమెరికా వాళ్ళ ఎనిమిదో వైమానిక దళం 1942 నుంచి ఈ జిల్లాల్లో దిగింది. ఒక్కో స్థావరంలో రెండు మూడు వేలమంది. అంటే నాలుగైదు వందల జనాభా ఉన్న పల్లె పక్కన ఒక పట్నం వచ్చి కూచున్నట్టు. బి-17 విమానంలో పదిమంది ఎక్కేవారు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలే. ఆ దళం మొత్తంలో చనిపోయినవారు సుమారు 26 వేలమంది!

నార్‌ఫోక్‌లో థోర్ప్ ఎబట్స్ అనే చోట 100వ బాంబర్ దళం ఉండేది. 1943 అక్టోబరు 10న జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరం మీద దాడికి వెళ్ళిన ఈ దళపు 13 విమానాల్లో తిరిగి స్థావరానికి చేరింది ఒక్కటే. ఆ సాయంత్రం వంటశాలలో 120 మంది భోజనం అలాగే మిగిలిపోయిందన్నమాట. కొందరు ప్యారాచూట్లతో దూకి శత్రువులకు ఖైదీలుగా చిక్కారు, మిగతావాళ్ళు పోయారు. 2024లో టీవీ సీరియల్‌గా వచ్చిన 'మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్' ఈ దళం కథే. మీ ఇంట్లో పిల్లలు చూసే ఉంటారు.

కేంబ్రిడ్జి పక్కన మాడింగ్లీ అనే చోట అమెరికన్ల శ్మశానవాటిక ఉంది. 3,800కు పైగా తెల్ల రాతి గుర్తులు వరసగా. ఆ పక్కనే పొడుగాటి గోడ మీద, శవం కూడా దొరకని 5,127 మంది పేర్లు చెక్కారు. అక్కడికి వెళ్ళిన తల్లులు చదువుకోవడానికి పేరైనా ఉంది. కాని ఆ పిల్లలు చివరిసారిగా నేల మీద నిలబడిన చోటు ఏది? ఏ రైతు పొలంలోనో ఉన్న ఈ సిమెంటు పెనమే. అందుకే ముసలివాళ్ళయిన సైనికులు ఏళ్ళ తరబడి అమెరికా నుంచి వస్తూ ఉండేవారు. ఒకాయన వచ్చి టోపీ తీసి, చాలాసేపు నిలబడి, చిన్న సిమెంటు పెళ్ళ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాడట. ఇప్పుడు వాళ్ళల్లో మిగిలినవారు బహు తక్కువ. వాళ్ళ మనవలు, మనవరాళ్ళు వస్తున్నారు.

ఆడవాళ్ళ యుద్ధం

యుద్ధమంటే మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం గాని, ఈ స్థావరాల్లో ఆడవాళ్ళ పని తక్కువేం కాదు. బ్రిటిష్ వైమానిక దళపు మహిళా విభాగంలో 1943 నాటికి లక్షా ఎనభై వేలమంది పైచిలుకు ఉండేవారు. టవర్లో రేడియో దగ్గర కూచుని విమానాలతో మాట్లాడటం, పటాల మీద విమానాల జాడ గుర్తించడం, లారీలు నడపడం, వంటలు, ఇవన్నీ చేశారు. ప్యారాచూట్లు మడత పెట్టడం కూడా ఎక్కువగా వాళ్ళ పనే. బ్రిటిష్ స్థావరాల్లో ఆ గదికి కప్పు చాలా ఎత్తుగా ఉంటుంది. తడి తగిలిన పట్టు ముద్దకట్టి విచ్చుకోదు కాబట్టి, మనం చీరలు ఆరేసినట్టు పైనుంచి వేలాడదీసి ఆరబెట్టి, పొడుగాటి బల్ల మీద మళ్ళీ మడతలు పెట్టాలి. ఒక్క మడత తేడా వస్తే ఒక ప్రాణం!

అమెరికా స్థావరాలకు రెడ్‌క్రాస్ బస్సులు వచ్చేవి. వాటిలో ఆడపిల్లలు కాఫీ, డోనట్లు చేసిచ్చేవారు. డోనట్ అంటే మన గారెలాగే మధ్యలో చిల్లు, కాకపోతే మైదాపిండితో, తియ్యగా. దాడి నుంచి తిరిగొచ్చి, వణికే చేతులతో ఆ గారె అందుకున్న కుర్రాళ్ళకి అది తల్లి చేతి వంటలాగే ఉండి ఉంటుంది.

ఊళ్ళో గృహిణుల సంగతి వేరు. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా ఇంగ్లండులో ఆహారానికి రేషను ఉంది. మనిషికి వారానికి టీపొడి, వెన్న సుమారు 57 గ్రాముల చొప్పున, చక్కెర 227 గ్రాములు, గుడ్డు ఒకటి. అప్పుడప్పుడు ఈ లెక్కలు మారేవి. ఆ మాత్రంతో ఇల్లు గడిపిన వాళ్ళ పక్కనే ఈ స్థావరాల్లో చాక్లెట్లు, పండ్ల డబ్బాలు! క్రిస్మస్‌కి సైనికులు ఊరి పిల్లల్ని పిలిచి విందు చేసి, తమ వంతు మిఠాయిలు పంచిపెట్టేవారు. బట్టలకి కూడా 1949 దాకా రేషనే. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన ప్యారాచూట్ గుడ్డ కొనుక్కుని పెళ్ళి గౌన్లు, లోదుస్తులు కుట్టుకున్న వాళ్ళు ఎందరో.

రేకు గుడిసెల్లో కొత్త కాపురాలు

యుద్ధం ముగిసింది, సైనికులు వెళ్ళిపోయారు. ఇంగ్లండులోనేమో ఇళ్ళ కరువు. బాంబులకు ఇళ్ళు పోయినవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు చుట్టాలిళ్ళల్లో ఒకే గదిలో సర్దుకుంటున్నారు. 1946 మే నెలలో స్కన్‌థార్ప్ పట్టణంలో ఒక కుటుంబం ఖాళీగా ఉన్న సైనిక గుడిసెలోకి సామాన్లతో దిగింది. వాళ్ళని చూసి మరొకరు. ఆ అక్టోబరు నాటికి దేశం మొత్తం మీద వెయ్యికి పైగా ఖాళీ క్యాంపుల్లో దాదాపు 40 వేలమంది కాపురం పెట్టేశారు. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

పైన వంపు రేకు. మధ్యలో గోడల్లేవు. దుప్పట్లు వేలాడదీసి గదులు చేసుకున్నారు. నీళ్ళ కుళాయి దూరంగా, అందరికీ కలిపి. చలికి రేకు లోపలి నుంచి చెమ్మ కారి పరుపుల మీద పడేది. పైగా 1946-47 చలికాలం అక్కడ కనీవినీ ఎరగనంత చలి. రొట్టెకి కూడా రేషను పెట్టిన రోజులవి. అయినా ఆ ఇల్లాళ్ళు కిటికీలకి తెరలు కుట్టారు, గుమ్మం ముందు కూరపాదులు పెట్టారు, ఇల్లు అనిపించారు. తర్వాత స్థానిక కౌన్సిళ్ళు చాలా క్యాంపులకి నీళ్ళు, వసతులు కల్పించి అద్దె తీసుకోవడం మొదలుపెట్టాయి. 1950ల దాకా అలాగే ఉన్నవారున్నారు. సొంత దేశానికి తిరిగి వెళ్ళలేని పోలండు కుటుంబాలకీ ఇలాంటి పాత క్యాంపులే నీడనిచ్చాయి.

అందుకే ఎక్కడైనా చెట్లల్లో గుడిసె పునాది మాత్రమే మిగిలి, పక్కన ఒంటరిగా గులాబీ మొక్కో, ఆపిల్ చెట్టో కనిపిస్తే, అది సైనికులు నాటిందే అనుకోనక్కర్లేదు. ఏ ఇల్లాలో నాటి ఉండొచ్చు.

తీసుకున్న భూమి తిరిగివ్వాలా?

ఇదీ మనకి బాగా తెలిసిన ప్రశ్నే. ప్రాజెక్టులకనో, ఫ్యాక్టరీలకనో భూములు పోయినవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! ఇంగ్లండులో కొన్నిచోట్ల ప్రభుత్వం భూమిని యుద్ధకాలానికి మాత్రమే స్వాధీనం చేసుకుంది. కొన్నిచోట్ల బలవంతంగా కొనేసింది.

డోర్సెట్ జిల్లాలో క్రిచెల్ డౌన్ అని 725 ఎకరాలు. విమానాల నుంచి బాంబులు వేసే అభ్యాసం కోసం వైమానిక శాఖ 1938లో కొంది. అందులో 328 ఎకరాలు ఆలింగ్టన్ ప్రభువుది. ఆయన 1940లో వైమానిక దళంలో ఉండగా చనిపోయారు. యుద్ధం అయ్యాక బాంబుల అవసరం తీరింది. కాని భూమి వారసులకు తిరిగి రాలేదు. వ్యవసాయ శాఖకి బదలాయించి, వాళ్ళు దాన్ని వేరే వాళ్ళకి కౌలుకిచ్చే ఏర్పాటు చేశారు. తండ్రి పోయేనాటికి చిన్నపిల్ల అయిన మేరీ ఆనా, పెళ్ళయ్యాక భర్త మార్టెన్‌తో కలిసి, ఆ భూమి కొనుక్కునే హక్కు మాదేనని గట్టిగా నిలబడింది. బహిరంగ విచారణ జరిగింది. అధికారుల తీరు బయటపడింది. 1954లో వ్యవసాయ మంత్రి సర్ థామస్ డగ్డేల్ రాజీనామా చేశారు! బలవంతంగా తీసుకున్న భూమి సర్కారుకి అక్కర్లేకపోతే ముందు పాత యజమానినే అడగాలన్న పద్ధతికి ఆ గొడవ నుంచే 'క్రిచెల్ డౌన్ నియమాలు' అని పేరు వచ్చింది. ఒక కూతురి పట్టుదల ఎంత పని చేసిందో చూశారా!

రన్‌వే మళ్ళీ రోడ్డయింది

పొలం తిరిగొచ్చాక రైతులు ఊరుకుంటారా? 1950ల నుంచి, 60ల నుంచి సిమెంటు పగలగొట్టించి కంకరగా అమ్మారు. ఆ కంకర పెద్ద రోడ్ల కిందికి వెళ్ళింది. లండన్‌లో ఇల్లు కూలి రన్‌వే అయింది, రన్‌వే పగిలి రోడ్డయింది. అంతా తవ్వేసినా నేల మర్చిపోదండోయ్. ఎండలు ముదిరిన ఏడు, పాత రన్‌వే ఉన్న మేర పైరు రంగు తేడాగా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే ఆ మూడు గీతలూ పోల్చుకోవచ్చు.

నార్‌ఫోక్‌లో బెర్నార్డ్ మాథ్యూస్ అనే వ్యాపారి ఎటిల్‌బ్రిడ్జి, నార్త్ పికెన్‌హామ్ లాంటి చోట్ల రన్‌వేల మీద వరసగా సీమకోళ్ళ షెడ్లు వేయించాడు. టిబెన్‌హామ్‌లో ఇంజను లేని గ్లైడర్లు ఎగరేసే క్లబ్బుంది. హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టూవర్ట్ యుద్ధకాలంలో పనిచేసిన స్థావరమది. మరికొన్ని చోట్ల ఊరివాళ్ళే పూనుకున్నారు. థోర్ప్ ఎబట్స్‌లో శిథిలమైన టవర్‌ని 1977 నుంచి స్వచ్ఛందంగా బాగు చేసి 1981లో మ్యూజియం తెరిచారు. పార్హామ్‌లో, సీథింగ్‌లో, డెబాక్‌లో కూడా ఇలాగే పొలాల మధ్య టవర్లకు ప్రాణం పోశారు.

కొన్ని కట్టడాలను ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా గుర్తించింది. మిగతావాటి బతుకంతా ఆ పొలం యజమాని చేతిలోనే. నేను చూసిన టవర్ విషయంలో ఇంట్లోనే రెండు మాటలు. కొడుకేమో "కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు, ఎవరి మీదన్నా పడితే మన మెడకి చుట్టుకుంటుంది, పడగొట్టేద్దాం" అంటాడు. తండ్రేమో "నేనుండగా కుదరదు" అంటాడు. "మీరేమంటారు?" అని అడిగాను ఆవిణ్ణి. "వచ్చినవాళ్ళకి ఎక్కడ చూపించను, చూపించడానికి ఏమీ లేకపోతే?" అంది. కొడుకు భయమూ నిజమే, తల్లి మాటా నిజమే. బాగు చేయించే ఖర్చు మాత్రం ఆ ఇంటి మీదే పడుతుంది. మనం వెళ్ళి ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ఆ కప్పు కింద ఉండేది వాళ్ళు కదా.

మీరు వెళితే...

అబ్బాయి దగ్గరికో, అమ్మాయి దగ్గరికో ఇంగ్లండు వెళ్ళేవాళ్ళు మనలో ఇప్పుడు చాలామందే. ఇలాంటి చోటికి వెళ్ళాలనిపిస్తే ఇవి గుర్తుంచుకోండి.

* మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మ్యూజియంగా మార్చిన టవర్లే మంచివి. సాధారణంగా వారంలో కొన్ని రోజులే, అదీ వేసవి నెలల్లోనే తెరుస్తారు. బయల్దేరే ముందు కనుక్కోండి.

* అక్కడ 'పబ్లిక్ ఫుట్‌పాత్' అంటే రోడ్డు పక్క దారి కాదు. పొలాల మధ్య నుంచి అందరూ నడవడానికి చట్టం ఒప్పుకున్న కాలిబాట. పసుపు బాణం గుర్తు ఉంటుంది. ఆ బాట మీద నడిచే హక్కు మీకుంది. బాట దిగితే మాత్రం యజమాని అనుమతి కావాలి. పాడుబడినట్టు కనిపించినా అది ఎవరో ఒకరి ఆస్తే.

* ముందుగా ఫోన్ చేసో, ఇంటికెళ్ళో అడగండి. కోతల రోజుల్లో రైతుకి తీరికుండదు. వద్దంటే నవ్వుతూ వచ్చెయ్యండి.

* గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూసెయ్యండి. పైరు తొక్కొద్దు. పశువులుంటే దూరంగా నడవండి.

* పాత కప్పుల్లో ఆస్‌బెస్టాస్ రేకులుంటాయి. పగిలిన ముక్కల పొడి ఊపిరితిత్తులకు చెరుపు. ముట్టుకోవద్దు. మెట్లు, మేడలు ఎక్కవద్దు. నేలమాళిగల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, గోతుల మీద మూతలు పుచ్చిపోయి ఉంటాయి. పిల్లల చెయ్యి వదలకండి.

* తూటాలాంటిదో, గుండులాంటిదో కనిపిస్తే తాకకుండా దూరంగా వచ్చి పోలీసులకు చెప్పండి. అక్కడ ఆ నంబరు 999.

* విమానం కూలిన చోటు అయితే 1986 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తవ్వడం, ముక్కలు తీసుకోవడం నేరం. ఆ మట్టిలో మనుషులుండవచ్చు.

* వట్టి చేతులతో వెళ్ళకండి. మా మరదలు జంతికలు చేసి తీసుకొచ్చింది. రైతుగారు డబ్బా సగం ఖాళీ చేశారు.

మన దగ్గరా ఉన్నాయి

యుద్ధం మన గడప దాకా రాలేదనుకోవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలపు రన్‌వేలు మన దొనకొండలోనూ, తాడేపల్లిగూడెంలోనూ ఉన్నాయి. ఇప్పుడు రోజూ విమానాలు దిగే గన్నవరం కూడా ఆ రోజుల్లో సైనిక స్థావరంగా పనిచేసిందే. అక్కడి పొలాలు ఎవరివి? అప్పటి ఇల్లాళ్ళు ఏమన్నారు? సిమెంటు ఎవరు మోశారు? సఫోక్‌లో అయితే కోడలు అత్తగారి మాటలు గుర్తుపెట్టుకుని చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. మన దగ్గర ఆ రోజులు కళ్ళారా చూసినవాళ్ళకి ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి పెద్దవాళ్ళుంటే, మధ్యాహ్నం పనయ్యాక వాళ్ళ పక్కన కాసేపు కూచోండి. సైరను మోగితే ఎక్కడికి పరుగెత్తారు, ఊరొదిలి వెళ్ళేటప్పుడు ఏమేం మూట కట్టుకున్నారు, ఎవరి పొలం ఎప్పుడు పోయింది అని అడగండి. వాళ్ళు చెప్పింది ఓ నోటుపుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి. వీలైతే ఈ పత్రికకి కూడా రాసి పంపండి. మిగతా అక్కచెల్లెళ్ళు కూడా చదువుతారు.